బాల్‌జాయింట్లు మార్చిన రెండు రోజులు

మొదట ఆ చప్పుడు నా పాదాలకే తెలిసింది. ముందు సీట్లో ఎడమవైపు కూర్చునేది నేనే. బాంబూఫ్లాట్ జెట్టీ దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ ఎత్తు ఎక్కుతుంది. అక్కడ కారు గుంతలో పడి లేచినప్పుడల్లా, నా కాళ్ళ కిందున్న రేకును ఎవరో అడుగునుంచి తట్టినట్టు టక్కుమనేది. మొదట్లో రోజుకొకసారి. తర్వాత ప్రతి గుంతకీ. వానలు వెనకబట్టేసరికి చదునైన రోడ్డు మీద కూడా బండి ఒకవైపుకి లాగడం మొదలుపెట్టింది.

"ముందు చక్రం దగ్గర చప్పుడొస్తోందండీ" అన్నాను ఒకరోజు.

"ఇంటన్నాను" అన్నాడు మా ఆయన.

ఆయన డ్రైవరు. మా మావగారు శ్రీకాకుళం వైపునుంచి అడవి పనికి కూలీగా ఓడెక్కి ఈ దీవికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. పదిహేడేళ్ళ వయసులో కలప లారీ మీద క్లీనరుగా ఎక్కి, లారీ నడిపి, జీపు నడిపి, చివరికి ఒక పాత కారు సొంతం చేసుకున్నాడు. దీవిలో సొంత కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజులవి. పొద్దున్నే అవతలి ఒడ్డున పోర్టుబ్లెయిరులోని చాథం నుంచి వచ్చే ఫెర్రీలో ముగ్గురు టీచర్లు దిగేవారు. ఒక మలయాళీ ఆవిడ, ఒక బెంగాలీ ఆవిడ, ఇంకా పెళ్ళికాని ఒక రాంచీ అమ్మాయి. వాళ్ళని పైనున్న బడికి తీసుకెళ్ళి, సాయంత్రం తిరిగి జెట్టీలో దింపడం ఆయన పని. నేను పనిచేసే బాల్వాడీ ఆ దారిలోనే ఉండడంవల్ల ముందు సీటు నాది.

ఆ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చాక కారుకి జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని లేపాడు. పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. నన్నూ ఊపమన్నాడు. ఊడబోయే పన్నులా కదిలింది చక్రం.

"బాల్‌జాయింట్ పోయింది. రెండోపక్కా అంతే" అన్నాడు.

అదేమిటో ఆరోజే నాకు చెప్పాడు. మన తుంటి ఎముక గిన్నెలో తిరిగినట్టు, చక్రం పక్కన ఒక ఉక్కు గుండు ఉక్కు గిన్నెలో తిరుగుతుంది. చుట్టూ రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. తొడుగు చిరిగితే నీళ్ళూ ఇసకా దూరి గుండు అరిగిపోతుంది. బాగా అరిగాక ఒక గుంతలో గిన్నెలోంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు చక్రం మడమ విరిగిన కాలిలా పక్కకి ఒరిగిపోతుంది.

"మొన్ననే కదా మార్చారు?" అన్నాను. నిజంగా మొన్ననే. రెండు వానాకాలాల కిందట ఒక్కడే కూర్చుని, ఒక్కపూటలో రెండు పక్కలా మార్చేశాడు. ఈ రోడ్ల మీద కూడా నాలుగేళ్ళు నడవాల్సిన సామాను అది.

"ఈ రోడ్డుకి ఏదుంటాది" అన్నాడు, మొహం చక్రంవైపు తిప్పుకుని.

రోడ్డు అదే. గుంతలూ అవే. మారినదేమిటో నాకు తెలుసు. ఆయన గుంతల్ని తప్పించడం మానేశాడు. నిన్నటిదాకా ఒళ్ళే దారి ఎరిగినట్టు కునుకుపాట్లలో కూడా పక్కకి తిప్పగల మనిషి, ఇప్పుడు ప్రతిదాంట్లోనూ నేరుగా దింపుతున్నాడు. నేను పక్కన కూర్చుని "గుంత" అంటే స్టీరింగు తిప్పేవాడు, ఒక క్షణం ఆలస్యంగా. "ఆవు" అంటే వేగం తగ్గించేవాడు. "లారీ వస్తోంది" అంటే అంచుకి జరిగేవాడు. నేను ఎప్పటినుంచి అలా చెప్పడం మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. ఆయన అడగలేదు. ఎందుకు చెబుతున్నానని నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కబుర్లలో కలిసిపోయిన మాటలు అవి. వెనక సీట్లో టీచర్లు నవ్వేవారు. "దీదీ కండక్టర్ హై" అనేది రాంచీ అమ్మాయి.

ఇంట్లోనూ అంతే. పక్కన పెట్టిన టీ గ్లాసు చేతికి తగిలి ఒలికిపోయేది. చర్చిలో బెంచీ కోడుకి మోకాలు కొట్టుకునేవాడు. ఒకసారి పాస్టరుగారు పక్కనుంచి చెయ్యి చాపితే ఆయన పట్టించుకోకుండా ముందుకి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు నావైపు చూశారు. "ఏదో ధ్యాసలో ఉన్నారండీ" అన్నాను. ఇంటికొచ్చాక గ్లాసులు ఎదురుగా పెట్టడం అలవాటు చేసుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు లేకుండా తీసేసేదాన్ని. ఇదంతా చేస్తూ కూడా, ఆయనకి చూపు పోతోందన్న మాటని మాత్రం మనసులో కూడా అనుకోలేదు. అనుకుంటే అది నిజమైపోతుందని భయం.

సామాను ఇక్కడ దొరకలేదు. విశాఖలో ఉన్న మా ఆయన చిన్నాన్న కొడుక్కి ఉత్తరం రాస్తే, కొని, ఓడలో వస్తున్న మా సంఘస్థుడొకాయన చేతికి ఇచ్చి పంపాడు. ఓడ వచ్చేదాకా నెలరోజులు కారు రేకుల షెడ్డులోనే ఉంది. టీచర్లు బస్సులో తంటాలు పడుతూ వెళ్ళారు. ఆ నెలలో ఆయన ఇల్లు కదల్లేదు. నాకు లోపల్లోపల ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. పొద్దున్న బస్సులో ఊచ పట్టుకుని నిలబడి వెళ్తూ, ఇక ఆ ఓడ ఎప్పటికీ రాకపోతే బాగుండునని అనుకునేదాన్ని.

ఓడ వచ్చింది. గుడ్డలో చుట్టి, పైన కాగితం చుట్టి, దారం కట్టిన రెండు బరువైన ముక్కలు ఇంటికొచ్చాయి.

"పోర్టుబ్లెయిరులో మేస్త్రీ చేత వేయిద్దాం" అన్నాను. "బండిని ఫెర్రీ మీద దాటిస్తే ఒక్క రోజులో అయిపోతుంది."

"ఆ సక్రంతో ఫెర్రీ ఎక్కించమంటావా? నేనే ఏసుకుంటాను. శనివారం ఒకపక్క, ఆదివారం ఒకపక్క. సోమారం టీచర్లకి బండి కావాల."

"ఆదివారం ఆరాధన?"

"ఒక్క వారానికేటి కాదు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆరాధన మానేస్తానని అనడం అదే మొదలు. అప్పుడైనా గట్టిగా అడిగి ఉండాల్సింది. అడగలేదు.

శనివారం పొద్దున్న టిఫిను తిని మొదలుపెట్టాడు. షెడ్డు నేల మట్టి. జాకీ దిగబడకుండా కింద పడాక్ అనే గట్టి కలప పలక వేశాడు. బండి లేచాక అడుగున రెండు పడాక్ దుంగలు పెట్టి, జాకీని కాస్త దించి, బరువు దుంగల మీద కూర్చునేలా చేశాడు. చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టాడు. గోనెసంచీ పరిచి దాని మీద పనిముట్లు వరసగా పేర్చాడు. పెద్ద పానా, చిన్న పానా, కటింగ్ ప్లేయరు, చిన్న సుత్తి, పెద్ద సుత్తి, గునపం, కిరోసిను డబ్బా. ఒక్కొక్కదాన్నీ పెట్టి, మీద చెయ్యి వేసి ఒకసారి తడిమి, తర్వాతది పెట్టాడు. దేన్నైనా అంత పద్ధతిగా పెట్టే మనిషి కాడు ఆయన. పనిచేస్తే చుట్టూ గజం మేర సామాను చెల్లాచెదరుగా ఉండేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ వరసని చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి నన్ను పిలిచాడు. "ఇదిగో, ఆ కిరోసిను గుడ్డతో ఈ నట్టు సుట్టూ తుడు."

తుడిచాను. ఉప్పుగాలికి తుప్పు పొరలు పొరలుగా లేచింది. డబ్బా సంచీ మీద పెట్టబోతుంటే అంచు తగిలి కటింగ్ ప్లేయరు ఒక జానెడు అటు జరిగింది. నేను సర్దలేదు. సర్దాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆయన నట్టు తిరక్కుండా అడ్డం పెట్టిన స్ప్లిట్ పిన్ను లాగాలని ప్లేయరు కోసం చెయ్యి చాపాడు. అది ఉండాల్సిన చోట వేళ్ళు గోనె మీద పడ్డాయి. కాస్త ఇటు తడిమాడు. కాస్త అటు. తల తిప్పి సంచీవైపే చూస్తున్నాడు. ప్లేయరు మోచేతి పక్కనే, వెలుతురులో, ఎర్ర పిడులతో ఉంది. చెయ్యి దాన్ని దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ప్లేయరు తీసేసేవా?" అన్నాడు.

"ఇదిగో" అని తీసి చేతిలో పెట్టాను.

"తియ్యకు అక్కణ్ణించి. ఏది ఎక్కడుందో అక్కడే ఉండాల."

"సరే" అన్నాను. గుమ్మంలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ మనసులో కూడా అనుకోకుండా దాచిపెట్టుకున్న మాట ఇక దాగలేదు. చూపు తగ్గడం కాదు ఇది. ఆ మనిషి చీకట్లో కూర్చుని పనిచేస్తున్నాడు, పట్టపగలు.

పిన్ను లాగాడు, నట్టు వదులు చేశాడు. అంతా వేళ్ళతోనే. నట్టు పూర్తిగా తియ్యకుండా రెండు చుట్లు ఉంచాడు, ఊడినప్పుడు ఎగిరి పడకుండా. ఇక మిగిలింది ఆ గుండుకున్న మొలని దాని కన్నంలోంచి ఊడదియ్యడం. సన్నగా దిగే ఆ మొల రెండేళ్ళుగా తుప్పు పట్టి బిగిసి ఉంది. గునపంతో ఎంత తన్నినా కదల్లేదు. కన్నం చుట్టూ ఉన్న ఇనుముని ఒకపక్క పెద్ద సుత్తి ఆనించి, రెండోపక్క ఇంకో సుత్తితో గట్టిగా కొడితే, ఆ అదురుకి మొల పట్టు వదిలేస్తుందట.

"నువ్వు ఈ పెద్ద సుత్తి ఎనకపక్క ఆనించి పట్టుకో. కదలకూడదు. నాను ఇటునుంచి కొడతాను, సంఝీ?"

సుత్తి తల ఇనుముకి ఆనించి పట్టుకున్నాను. పిడి పొట్టిది. నా వేళ్ళు ఆయన కొట్టబోయే చోటుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఆయన ఎడమ బొటనవేలితో కొట్టాల్సిన చోటు తడిమి, వేలు తీసి, సుత్తి ఎత్తాడు.

నాకు కనబడుతోంది, ఆయనకి కనబడదని. అప్పుడే "ఆగండి" అనొచ్చు. సుత్తి కింద పెట్టేసి లేచిపోవచ్చు. అలా చేస్తే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్పడం కంటే చెయ్యి పెట్టడమే నాకు తేలికనిపించింది. ఆ నిమిషాన అంతే.

మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండోది కూడా. అదురు నా భుజం దాకా పాకింది. మూడోదానికి ముందు ఆయన వేలితో తడమలేదు. అలవాటు వచ్చేసిందనుకున్నాడు.

దెబ్బ నా ఎడమచేతి మీద పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు. నేను అరవలేదు.

సుత్తి ఇనుముకి తగల్లేదని ఆయనకి చేతిలోనే తెలిసింది. "తగిలిందా?" అన్నాడు.

"లేదు."

సుత్తి కింద పెట్టి నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. నెత్తురు కారుతోంది. ఆ తడి ఆయన వేళ్ళకి అంటింది. నా చెయ్యి ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. దాన్ని పట్టుకుని నావైపు మొహం తిప్పి, "ఎంత దెబ్బ?" అని అడిగాడు.

చూడాల్సిన మనిషి అడుగుతున్నాడు.

"మీకు కనబడదా?" అన్నాను.

షెడ్డు మీద రేకులు ఎండకి టిక్కుటిక్కుమంటున్నాయి. ఆయన నా చెయ్యి వదల్లేదు.

"ఎడంకన్ను పోయింది" అన్నాడు చివరికి. "కుడిదాంట్లో మద్దిలో మాత్రం కనబడతాది. గొట్టంలోంచి సూసినట్టు. పక్కల ఏటీ నేదు."

"ఎప్పట్నుంచి?"

"ఈమజ్జే."

"ముగ్గురు ఆడవాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని ఆ కొండ మీద తిప్పారు రోజూ. ఎవరికైనా ఏమైనా అయితే?"

"నువ్వు పక్కన కూసుని సెప్తున్నావు కదా" అన్నాడు.

నిందగా అనలేదు. ఉన్నమాట అన్నాడు, అంతే. ఆ కారుని ఆయన ఒక్కడే నడపలేదు. నాకు తెలియకుండానే నన్నూ అందులో కలుపుకున్నాడని అప్పుడు కోపమొచ్చింది. నాకు తెలియకుండానా అని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది.

దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సమ్మ కట్టు కట్టింది. తలుపులో పడి నలిగిందని చెప్పాను. ఒక ఎముక విరిగిందని, పుల్ల కట్టి, చెయ్యి వంచొద్దంది. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే మొదటిసారి నా కుడిచెయ్యి ఆయన మోచేతి కింద వేశాను. వద్దనలేదు.

ఆ సాయంత్రం అన్నం పెట్టాను, తిన్నాడు. కారు దుంగల మీద ఒకపక్క లేచి, చక్రం లేకుండా షెడ్డులో అలాగే ఉంది.

ఆదివారం పొద్దున్నే లేచి షెడ్డులోకి వెళ్ళాడు.

"ఇంకెందుకండీ అది?" అన్నాను.

"ఇప్పిందాన్ని అలా ఒగ్గేస్తామా?"

"ఎవరు నడుపుతారు?"

గోనె ముందు కూర్చుని సుత్తి కోసం చెయ్యి చాపాడు. నేను కాసేపు చూసి, వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "సుత్తి ఇటివ్వండి. నేను కొడతాను, మీరు పట్టుకోండి" అన్నాను.

అలా చేశాం. ఆయన పెద్ద సుత్తి ఆనించి పట్టుకున్నాడు. నేను కుడిచేత్తో కొట్టాను. బాల్వాడీలో పిల్లలకి పాటలు చెప్పిన చెయ్యి అది, సుత్తి పట్టడం దానికి రాదు. "ఇంకా గట్టిగా. థోడా కింద. బస్, అదే చోట" అని చప్పుడుని బట్టి చెబుతూ వచ్చాడు. పదో దెబ్బకో పదిహేనో దెబ్బకో తుపాకీ పేలినట్టు ఫట్టుమని మొల ఊడి కిందికి జారింది. ఆయన మొహంలో ఒక్క క్షణం పాతకాలపు సంతోషం కనబడింది. నాకు ఏడుపొచ్చింది.

గిన్నెవైపున దాన్ని చక్రాన్ని మోసే ఇనప ఆర్మ్‌కి బిగించిన మూడు బోల్టులు ఆయనే ఇప్పాడు. పాత గుండుని నా అరచేతిలో పెట్టాడు. గిన్నెలో గలగలమని కదిలింది. కొత్తది బిగించేటప్పుడు బోల్టు మొన కన్నంలోకి దారి దొరక్క మూడుసార్లు జారిపోయింది. నేను చెయ్యి పట్టుకుని దారి చూపించాను. గునపంతో ఆర్మ్ కిందికి తొక్కిపెడితే మొల తన చోట్లోకి వచ్చింది. నట్టు ఆయన బిగించాడు, స్ప్లిట్ పిన్ను నేను దూర్చాను. కుడివైపు కూడా అలాగే చేశాం. ఇద్దరివీ కలిపి మూడు చేతులతో, ఆయన ఒక్క కంటితో కూడా కాదు, నా రెండు కళ్ళతో. నిన్న ఒకపక్క కూడా పూర్తికానిది ఆరోజు మధ్యాహ్నానికల్లా రెండుపక్కలా అయిపోయింది. అంత బాగా కలిసి ఏ పనీ మేము ఎప్పుడూ చెయ్యలేదు.

చక్రాలు ఎక్కించి, బండిని దింపి, చెయ్యి కడుక్కుని వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. 

"ఒక్కసారి సూస్తాను. మలుపు దాకా" అన్నాడు.

కాదనాలి. కాదనలేదు. అటు తిరిగి వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను. ఆదివారం, రోడ్డు మీద ఎవరూ లేరు. బండి చక్కగా నడిచింది. గుంతలో దిగినా చప్పుడు లేదు, ఒకవైపుకి లాగడం లేదు. స్టీరింగు మీద ఆయన చేతులు ఎంత ఒద్దికగా ఉన్నాయో చూస్తూ ఉండిపోయాను. ఆ చూడటంలో నేను చెప్పడం మరిచిపోయాను.

ఎడమ పక్కనుంచి ఒకావిడ కట్టెలమోపుతో రోడ్డు దాటబోయి ఆగింది. బండి ఆవిడ మోపుని రాసుకుంటూ పోయింది. కట్టెలు బోనెట్ మీద దబదబమని పడ్డాయి. ఆవిడ పక్కకి గెంతి, కాలువ అంచున కూర్చుండిపోయింది. ఆయన బ్రేకు వేశాడు.

దెబ్బ తగల్లేదు. ఆవిడ మా వెనక వీధిలోని కరేన్ తెగవాళ్ళ మనిషి, మమ్మల్ని ఎరుగును. "భయ్యా, దేఖా నహీ క్యా?" అంది, చూడలేదా అని, కోపంకన్నా ఆశ్చర్యంతో. నేను దిగి కట్టెలు ఏరి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన ఇంజను ఆపేసి, తాళంచెవి తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మనిషి ఉన్నాదని తెలీనేదు" అన్నాడు. "చప్పుడయ్యాకే తెలిసింది."

తాళంచెవి నాకిచ్చాడు. బండిని అక్కడే అంచున వదిలేసి ఇంటికి నడిచాం. సాయంత్రం మా పక్కింటి బస్సు డ్రైవరు వెళ్ళి తెచ్చి షెడ్డులో పెట్టాడు. "భలే నున్నగా నడుస్తోంది, ఏం చేశారు?" అని మెచ్చుకున్నాడు. మా ఆయన లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం జెట్టీకి నేనొక్కదాన్నే వెళ్ళాను. టీచర్లు దిగి కారు కోసం చూస్తున్నారు. ఏం చెప్పాలో దారంతా తెలుగులో అనుకుంటూ వచ్చాను, ఒక్క వాక్యం కూడా పూర్తవలేదు. వాళ్ళ ముందు నిలబడ్డాక హిందీలో వచ్చేసింది. "ఉన్‌కో దిఖాయీ నహీ దేతా." అంతే. అది నా నోటితో మొదటిసారి అన్నది హిందీలోనే. తెలుగులో ఐతే ఆయనకి కనబడదు అని అనగలిగేదాన్నో లేదో.

వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రాంచీ అమ్మాయి నా కట్టు వైపు చూసింది. ఎప్పటినుంచి అని ఎవరూ అడగలేదు గాని, ముగ్గురూ అదే లెక్క వేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. మలయాళీ ఆవిడ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని బస్సు వైపు నడిచింది. తర్వాత ఎన్నిసార్లు జెట్టీలో ఎదురుపడినా ఆవిడ నాతో మాట్లాడలేదు. తప్పు పట్టను.

ఆ వారంలోనే పోర్టుబ్లెయిరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరు చిన్నవాడు, ఉత్తరాదివాడు. చుక్కలు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూశాడు. అది కాలా మోతియా అన్నాడు. తెలుగులో నీటికాసులు అంటారని నాకు తర్వాత తెలిసింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని చంపేస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, చుక్కలు వేస్తూ ఉండాలి అన్నాడు.

"ఎప్పటినుంచి తగ్గుతోంది?" అని హిందీలో అడిగాడు.

"మూడేళ్ళు" అన్నాడు మా ఆయన.

నేను ఆయనవైపు తిరిగాను.

"మోతియాబింద్ అనుకున్నాను, సాబ్" అన్నాడు ఆయన. మోతియాబింద్ అంటే కంట్లో శుక్లం. "మా నాన్నకీ వచ్చింది. ముదిరాక కోసి తీసేస్తారు కదా, అప్పుడు బాగా కనబడతాది కదా అని ఆగేను. ముదరాలని సూస్తన్నాను."

డాక్టరు చేతిలో కలం పక్కన పెట్టేశాడు. అప్పుడే వచ్చుంటే ఉన్నచూపు ఉన్నట్టు నిలబెట్టగలిగేవాళ్ళం అన్నాడు. మెల్లగానే అన్నాడు. తర్వాత నావైపు చూసి, "ఆప్‌కో పతా నహీ చలా?" అని అడిగాడు. మీకు తెలియలేదా అని.

"నహీ" అన్నాను.

మా ఆయన నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పాడు. గ్లాసులు ఎదురుగా పెట్టింది, చెప్పులు తీసేసింది, ప్రతి గుంతా ప్రతి ఆవూ చెప్పింది ఎవరో ఆయనకి తెలుసు. డాక్టరుకి ఏమీ చెప్పలేదు. తల కొంచెం వంచుకున్నాడు. నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. అది అర్థమయ్యాక ఆ గదిలో కూర్చోలేకపోయాను. చుక్కల చీటీ పట్టుకుని ముందే బయటికి వచ్చేశాను, ఆయన గోడ పట్టుకుని తలుపు వెతుక్కుంటూ నా వెనక వచ్చాడు.

తిరుగు ఫెర్రీలో ఊచ పక్కన నిలబడ్డాం. మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఆయన బండిలో ఎవరెవరు ఎక్కారో ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. నొప్పులు పడుతున్న పాస్టరమ్మగారిని వానలో తీసుకెళ్ళింది ఆ మూడేళ్ళలోనే. మా అమ్మాయిని కాన్పుకి తెచ్చింది, నెలల బిడ్డతో తిరిగి పంపింది ఆ మూడేళ్ళలోనే. అందరూ బతికే ఉన్నారు. అది ఎవరి దయో నాకు తెలియదు. ఆ రోజునుంచి దాని గురించి ప్రార్థనలో కృతజ్ఞత చెప్పబోతే నోరు రాదు.

"కోపమా?" అన్నాడు ఆయన.

నీళ్ళవైపు చూస్తూ ఉన్నాను. "మీరు నాకు చెప్పాల్సింది" అన్నాను.

"నువ్వు అడుగుతావని సూసేను" అన్నాడు.

ఫెర్రీ బాంబూఫ్లాట్ జెట్టీని తాకింది. జనం దిగడానికి తోసుకుంటున్నారు. ఆయన ఊచ వదిలి, నేను ఏవైపున్నానో సరిగ్గా తెలియక, చెయ్యి కొంచెం ముందుకి చాపి నిలబడ్డాడు. నేను వెంటనే అందుకోలేదు. ఎంతసేపు అలా ఉంచానో తెలియదు. వెనకాల ఎవరో "చలో, చలో" అన్నారు. అప్పుడు పట్టుకున్నాను.